రాజ్యాంగ సభలో శ్రీమతి జి. దుర్గాబాయి

భారత రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు తిరగేస్తే ‘శ్రీమతి జి. దుర్గాబాయి’ అన్న పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. పక్కనే మద్రాసు, జనరల్ అని ఉంటుంది. ఆ ‘జి’ అంటే గుమ్మిడితల. ఈమే తర్వాతి కాలపు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని చెబితే తప్ప మన పిల్లలకు ఆనవాలు దొరకదు. దొరికినా వారికి తెలిసింది హైదరాబాదు విద్యానగర్‌లోని ఆసుపత్రి, ఆంధ్ర మహిళా సభ కాలేజీలు, 2018లో ఢిల్లీ మెట్రోలో ఆమె పేరు పెట్టిన స్టేషను. శాసనాలు చేసే సభలో కూర్చుని ఆమె ఏం చేశారన్నది తెలిసినవారు తక్కువ.

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను ఈ విషయం ఎంచుకోవడానికి కారణం నా ఉద్యోగం. రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా ఈ దిగువ డెల్టాలోనే గడిపాను. ఆస్తి విషయంలో ఆడవారికి చట్టం ఏమిచ్చింది, ఇచ్చింది వారి చేతికి ఎంత అందింది అన్నది దస్తావేజుల్లో చూసినంతగా ఇంకెక్కడా చూడలేం. ఆ దస్తావేజుల వెనక ఉన్న చట్టాలు ఎవరు అడిగితే వచ్చాయని వెతుక్కుంటూ పోతే నాకు తగిలిన పేర్లలో ఈమెది ఒకటి.

శాసనసభల్లో అడుగుపెట్టిన తొలి స్త్రీ దుర్గాబాయి గారు కాదు. మద్రాసు రాజధానిలో స్త్రీలకు ఓటుహక్కు 1921లో వచ్చింది. సభ్యత్వానికి పోటీ చేసే హక్కు 1926లో వచ్చింది. ఆ ఏడాదే కమలాదేవి ఛటోపాధ్యాయ మద్రాసు శాసన మండలికి నిలబడి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. తర్వాత అఖిల భారత హస్తకళల బోర్డు పెట్టి మన పెడన, బందరు కలంకారీ అద్దకానికి మళ్ళీ గిరాకీ తెప్పించింది ఆ కమలాదేవి గారే. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి నామినేషన్ మీద 1927లో మండలిలో కూర్చున్నారు, ఉపాధ్యక్షురాలు కూడా అయ్యారు. తెలుగింటి ఆడపడుచు ఆచంట రుక్మిణి లక్ష్మీపతి 1937లో ఎన్నికై మద్రాసు శాసనసభకు ఉపసభాపతి అయ్యారు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఆరోగ్య శాఖ చూశారు. కాబట్టి ‘మొట్టమొదటి’ అన్న మాట దుర్గాబాయి గారికి అంటగట్టనక్కరలేదు. దేశానికి మూలశాసనం రాసుకునే సభలో తెలుగువారి తరఫున కూర్చున్న స్త్రీ ఆమె. సభాధ్యక్షుడు లేనప్పుడు సభ నడపడానికి ఏర్పరచిన అధ్యక్షుల జాబితాలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ కూడా ఆమే. ఈ రెండూ చాలు.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధంలో ఉండనని చెప్పి భర్తను మళ్ళీ పెళ్ళి చేసుకోమన్నారు. తండ్రి బెన్నూరి రామారావు గారు కూతురు పక్షాన నిలిచారు. బడిలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టారని బడి మానేసి, తాను నేర్చుకున్న హిందీని ఇరుగుపొరుగు ఆడపిల్లలకు చెప్పడానికి ఇంట్లోనే బాలికా పాఠశాల పెట్టిన పిల్ల ఆమె.

1921లో గాంధీగారు విజయవాడ కాంగ్రెసు సమావేశం ముగించుకుని మన జిల్లాలు తిరిగినప్పుడు కాకినాడ కూడా వెళ్ళారు. దేవదాసీలు, ముస్లిం స్త్రీలు గాంధీగారిని విడిగా కలిసి మాట వినాలని ఈ పన్నెండేళ్ళ పిల్లకు కోరిక. అయిదు వేల రూపాయలు నిధికి ఇప్పిస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారట పెద్దలు. ఆ స్త్రీలే డబ్బు పోగుచేశారు. గాంధీగారు అయిదు నిమిషాలకని వచ్చి అరగంట మాట్లాడారు, ఆ హిందీని ఈ పిల్ల తెలుగు చేసింది. ఆ తర్వాత బహిరంగ సభలో అనువాదానికి సిద్ధమైన కొండా వెంకటప్పయ్య పంతులు గారిని ఆపి, గాంధీగారు ఈ పిల్లనే పిలిచారని ఆమె జ్ఞాపకాలలో చెప్పుకున్నారు. కొండా వెంకటప్పయ్య గారంటే మనకు పరాయివారు కారు. బందరులో వకీలుగా ఉండగా 1902లో కృష్ణాపత్రిక మొదలుపెట్టినవారిలో ఆయన ముఖ్యులు.

1923 కాకినాడ కాంగ్రెసు కథ పాఠ్యపుస్తకాల్లో కూడా వచ్చింది. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర కాపలా ఉన్న దుర్గాబాయి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారిని ఆపేశారు. నిర్వాహకులు కంగారుపడి కోప్పడ్డారు. ‘మీరు చెప్పినట్టే చేశాను’ అన్నది ఆమె సమాధానం. టికెట్టు కొన్న తర్వాతే లోపలికి పంపింది. గుమ్మం దగ్గర కూర్చునే ఉద్యోగం చేసినవారికి ఇది చిన్న విషయం కాదని తెలుసు. మామూలు మనిషిని ఆపడం తేలిక.

ఉప్పు సత్యాగ్రహం నాటికి ఆమె మద్రాసులో ఉన్నారు. ప్రకాశం పంతులు గారు, మన ఎలకుర్రు బిడ్డ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అక్కడి ఉద్యమానికి నాయకులు. వారు అరెస్టు కాగానే శిబిరం బాధ్యత ఇరవై ఏళ్ళ ఈమె మీద పడింది. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలుకు వెళ్ళారు. మధుర జైలులో ఒంటరి కొట్టులో పెట్టడంతో ఆరోగ్యం బాగా దెబ్బతింది. జైలులో ఆమెను కుదిపింది తన కష్టం కాదు. పక్కనున్న ఆడ ఖైదీలలో చాలామందికి తాము ఏ సెక్షను కింద శిక్ష పడి వచ్చారో, కోర్టులో ఏం చెప్పుకోవచ్చునో తెలియదు. లా చదవాలన్న కోరిక అక్కడ పుట్టింది. అప్పటికి ఆమె మెట్రిక్యులేషన్ కూడా ప్యాసవలేదు.

ఇక్కడి నుంచి ఆమె చదువు కథ వింటే మన ఇళ్ళలో సాకులు చెప్పే మనవలకు కూడా చెప్పబుద్ధి అవుతుంది. మెట్రిక్, ఇంటర్మీడియట్ బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ద్వారా ప్యాసయ్యారు. రాజనీతి శాస్త్రం ఆనర్సు చదవడానికి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆడపిల్లలకు హాస్టలు లేదు, చేర్చుకోలేం అన్నారు. ఆమె వెనుదిరగలేదు. వాల్తేరులో చదవాలనుకునే అమ్మాయిలు ఉంటే రాయమని పేపరులో ప్రకటన వేయించారు. పది మంది దాకా రాశారు. అందరినీ కలిపి ఒక ఇల్లు తీసుకుని హాస్టలు నడిపి, ఇదిగో హాస్టలు అని రెడ్డి గారి ముందు పెట్టారు. సీటు వచ్చింది. 1939లో ఆనర్సు, ఆపైన మద్రాసులో లా. 1942లో మద్రాసు బారులో చేరి క్రిమినల్ కేసులు వాదించి పేరు తెచ్చుకున్నారు. ఈలోపలే 1937లో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. మైలాపూరులో తన దగ్గర చదువుకోవడానికి చేరిన ఆడపిల్లల గుంపే దానికి మొదలు.

అట్లా 1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికైనప్పుడు ఆమె వయసు 37. సభ 1946 డిసెంబరు 9న మొదటిసారి కూడింది. మొత్తం మీద అందులో కూర్చున్న స్త్రీలు పదిహేను మంది. మద్రాసు రాజధాని నుంచి అమ్ము స్వామినాథన్, దాక్షాయణి వేలాయుధన్, దుర్గాబాయి. తెలుగువారిలో ప్రకాశం గారు, బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు, రంగా గారు, మన కృష్ణా జిల్లాకే చెందిన హిందీ ప్రచారకులు మోటూరి సత్యనారాయణ గారు మొదలైన పెద్దలు ఉన్నారు. వారి నడుమ ఈమె లాయరుగా మాట్లాడారు. ఉపన్యాసాల కన్నా సవరణల మీద ఆమెకు నమ్మకం ఎక్కువ. ఆ సవరణల్లో రెండింటి గురించి కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది గుడి తలుపుల సంగతి. మత స్వేచ్ఛ గురించిన అధికరణలో, ప్రజల దేవాలయాలను ‘హిందువులలో ఏ తరగతికైనా, విభాగానికైనా’ తెరిపించే చట్టం చేయడానికి ప్రభుత్వానికి అడ్డులేదు అన్న అర్థం వచ్చేలా చిత్తుప్రతిలో రాసి ఉంది. 1948 డిసెంబరులో ఆ అధికరణ చర్చకు వచ్చినప్పుడు దుర్గాబాయి గారు లేచి ‘ఏ తరగతికైనా’ తీసేసి ‘అన్ని తరగతులకు, విభాగాలకు’ అని పెట్టమన్నారు. సభ ఒప్పుకుంది. ఇప్పటి 25వ అధికరణ రెండో క్లాజులో ఉన్నవి ఆ మాటలే. పైపైన చూస్తే రెండూ ఒకటేనన్నట్టు ఉంటాయి. దస్తావేజు రాసినవాడికి, చదివినవాడికి ఆ తేడా తెలుస్తుంది. ‘ఏ విభాగానికైనా’ అంటే ఒక కులానికి తెరిచి, ఇంకో కులం ముందు తలుపు వేసి, చట్టం ప్రకారమే చేశాం అనవచ్చు. ‘అన్ని’ అన్నాక ఆ సందు లేదు. సరిహద్దులు రాసేటప్పుడు ‘తూర్పున కాలువ’ అనడానికీ ‘తూర్పున కాలువ గట్టుతో సహా’ అనడానికీ ఎంత తేడా ఉందో మన డెల్టా రైతులకు నేను చెప్పనక్కరలేదు. ఆ గట్టు మీద తలలు పగిలిన ఊళ్ళున్నాయి.

రెండోది వయసు. రాష్ట్రాల సభ, అంటే ఇప్పటి రాజ్యసభ సభ్యులకు కనీసం 35 ఏళ్ళు ఉండాలని చిత్తులో ఉంది. 1949లో ఆమె దాన్ని 30 చేయమని సవరణ తెచ్చి నెగ్గించుకున్నారు. తెలివికి వయసుతో సంబంధం లేదని, ఇప్పటి చదువుల వల్ల యువకులు బాధ్యత త్వరగా తెలుసుకుంటున్నారని ఆమె వాదన. అప్పటికి ఆమెకు దాదాపు నలభై ఏళ్ళు. తనకోసం అడిగింది కాదు. ఇరవై ఏళ్ళకే శిబిరం నడిపిన మనిషికి ముప్పై అయిదు అన్న అంకె చూస్తే చిరాకు వేసి ఉంటుందని నా అనుమానం.

భాష విషయంలో ఆమె నిలబడిన చోటు మరీ ఆసక్తిగా ఉంటుంది. చిన్ననాడే హిందీ బడి పెట్టిన మనిషి, దక్షిణాదిన హిందీ ప్రచారంలో ఎదిగిన మనిషి. 1949 సెప్టెంబరు చర్చల్లో ఆమె హిందీ, ఉర్దూ కలిసిన హిందుస్తానీ వైపు మాట్లాడారు. దక్షిణాదివారు ఇష్టపడి నేర్చుకుంటున్న భాషను ఉత్తరాదివారు పట్టుదలకు పోయి రుద్దితే, తామంతా చేసిన ప్రచారమే దెబ్బతింటుందని హెచ్చరించారు. పదిహేనేళ్ళు ఇంగ్లీషు కొనసాగించే ఏర్పాటు అవసరమన్నారు. హిందీ తెలియక వ్యతిరేకించినవారి మాట ఒక ఎత్తు, హిందీ నేర్పినవారి మాట ఇంకో ఎత్తు.

రాజ్యాంగం అయ్యాక అదే సభ తాత్కాలిక పార్లమెంటుగా 1952 దాకా నడిచింది. ఆ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద తగాదా హిందూ కోడ్ బిల్లు మీద. డాక్టర్ అంబేద్కర్ తెచ్చిన ఆ బిల్లులో కూతురికి ఆస్తిలో భాగం, ఒకే భార్య నియమం, విడాకులు, అన్నీ కలిపి ఉన్నాయి. దుర్గాబాయి గారు బిల్లు పక్షాన మాట్లాడారు. మద్రాసు రాష్ట్రంలో అప్పటికే 1949లో ద్విభార్యా నిషేధ చట్టం చేసుకున్నాం కాబట్టి ఆ భాగం మన ప్రాంతానికి కొత్త కాదు. కూతురికి భూమి అన్న మాట దగ్గరే కాంగ్రెసులో కూడా పెద్దలు వెనకాడారు. బిల్లు ముందుకు పోలేదు. 1951 సెప్టెంబరులో అంబేద్కర్ గారు రాజీనామా చేశారు.

తర్వాత వచ్చిన మొదటి సాధారణ ఎన్నికల్లో దుర్గాబాయి గారు ఓడిపోయారు. ఆమె ఒక్కరే కాదు. కోస్తా జిల్లాల్లో ఆ ఎన్నిక కాంగ్రెసును ఊడ్చేసింది. మన బందరు లోక్‌సభ స్థానం కమ్యూనిస్టు అభ్యర్థి సనకా బుచ్చికోటయ్య గారిది, గుడివాడ స్థానం కూడా కమ్యూనిస్టులదే. ఓటరు ఆ రోజు చూసింది గుర్తును, మనిషిని కాదు. ఫలితం మాత్రం ఒకటే. 1955, 56 సంవత్సరాల్లో హిందూ కోడ్ ముక్కలు ముక్కలుగా, వివాహ చట్టం, వారసత్వ చట్టం పేర్లతో పార్లమెంటులో ప్యాసయ్యేటప్పుడు దుర్గాబాయి గారు ఆ సభలో సభ్యురాలు కారు. ఆమె శాసనకర్తగా ఉన్నది 1946 నుంచి 1952 దాకా, ఆరేళ్ళు కూడా నిండలేదు.

ఓడినవారిని మరిచిపోవడం రాజకీయాల్లో మామూలు. నెహ్రూ గారు ఈమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా వేశారు. అక్కడే ఆర్థిక మంత్రి, రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు అయిన చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారితో పరిచయం. 1953 జనవరి 22న వారి పెళ్ళి రిజిస్టరు అయింది. సాక్షి సంతకం చేసినవారిలో నెహ్రూ గారు ఒకరు. సాక్షి సంతకాలు వేలల్లో చూసిన నాకు ఆ కాగితం ఒక్కసారి చూడాలని ఉండేది.

ప్రణాళికా సంఘంలో ఆమె సంక్షేమానికి విడిగా డబ్బు కేటాయించాలని పట్టుబట్టారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సాయం కింద 4 కోట్ల రూపాయలు పెట్టించారు. ఆ డబ్బు ఫైళ్ళలో చిక్కుకోకుండా పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, మొదటి అధ్యక్షురాలు ఆమే. పల్లెల్లో బాలవాడీలు, కుట్టు కేంద్రాలు, ప్రసూతి సాయం అన్నీ ఆ బోర్డు సాయంతో మొదలైనవే. మనలో డెబ్భై దాటినవారికి ఆ బాలవాడీ గంట, పాలపొడి డబ్బా గుర్తుండే ఉంటాయి.

అక్కడ ఆమెకు ఒక చిక్కు ఎదురైంది. గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, టీచర్లు కావాలి. ఉద్యోగాలున్నాయి, డబ్బుంది. చదివిన ఆడవారు పల్లెల్లో లేరు. పట్నం నుంచి పంపితే నిలవరు. పల్లెలో ఉన్నవారు నాలుగో, అయిదో చదివి పెళ్ళిళ్ళై ఆగిపోయినవారు, భర్త పోయినవారు, భర్త వదిలేసినవారు. వారి కోసం 1958లో బోర్డు సంక్షిప్త విద్యా కోర్సులు పెట్టింది. ఏళ్ళ తరబడి చదవవలసిన పాఠాలను రెండేళ్ళలోకి కుదించి చెప్పి, పరీక్షకు కూర్చోబెట్టేవారు. భోజనం, వసతి వాళ్ళదే. మైలాపూరు ఇంట్లో ఆడపిల్లలను మెట్రిక్‌కు తయారుచేసిన పద్ధతే ఇది, ప్రభుత్వపు ఖర్చుతో దేశమంతా.

దీని విలువ ఏమిటో మన సంఘంలో చెప్పడం తేలిక. మన సభ్యుల్లో రిటైరయిన టీచరమ్మలు, ఆరోగ్య శాఖలో పనిచేసిన అమ్మలు కొందరు ఆ కోర్సుల దారినే వచ్చారు. ఒకామె నాతో అన్నారు: ‘పదహారేళ్ళకు బొట్టు పోయింది, ఇరవై రెండేళ్ళకు పలక పట్టాను. మా అన్నయ్య రోడ్డు మీద కనిపిస్తే తల తిప్పుకున్నాడు. మొదటి జీతం రాగానే తిప్పిన తల ఇటు తిరిగింది’ అని. ఆమె పేరు రాయవద్దన్నారు. ప్రతి నెలా ఒకటో తారీఖున బ్యాంకు దగ్గర పెన్షను తీసుకునే వరుసలో ఆమెను చూస్తుంటాను. ఆడవారికి హక్కు ఇవ్వాలన్నవారు చాలామంది. ఆ హక్కు వాడుకునే స్తోమత కూడా చేతికివ్వాలని లెక్కలు వేసి చూపించినవారు కొద్దిమంది, వారిలో ఈమె ఒకరు. 1958లో నియమించిన జాతీయ మహిళా విద్యా కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు. ఆడపిల్లల చదువు ప్రత్యేక సమస్యగా చూడాలని ఆ కమిటీ 1959లో నివేదిక ఇచ్చింది.

కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులు ఉండాలన్నది 1953లో చైనా పర్యటన నుంచి ఆమె తెచ్చిన ఆలోచన. నెహ్రూ గారితో, న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్ గార్లతో చర్చించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981 మే 9న పోయారు. 1975లో పద్మ విభూషణ్ వచ్చింది. దేశ్‌ముఖ్ గారు మరుసటి ఏడాది అక్టోబరు 2న పోయారు.

ఇక నా శాఖ సంగతికి వస్తాను. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమలులోకి వచ్చింది. అంతకు ముందు విధవరాలికి భర్త ఆస్తి మీద ఉండేది అనుభవించే హక్కే, అమ్ముకునే హక్కు కాదు. పాత దస్తావేజుల్లో ‘జీవితకాలము అనుభవించి తదనంతరము’ అన్న మాట లేని కాగితం అరుదు. 14వ సెక్షను ఆ పరిమిత హక్కును సంపూర్ణ హక్కు చేసింది. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కు మగపిల్లలకే మిగిలింది. అంటే అంబేద్కర్, దుర్గాబాయి గార్లు అడిగినదానిలో సగం.

ఆ సగమూ ఏమైందో ఆఫీసులో చూశాను. తండ్రి పోయిన ఏడాది లోపల ఆడపడుచులను పిలిపించేవారు. హక్కు విడుదల దస్తావేజు సిద్ధంగా ఉండేది. ‘పసుపు కుంకుమల కింద నాకు ముట్టవలసినది ముట్టినది గనుక’ అన్న వాక్యం దస్తావేజు లేఖరికి కంఠతా. దివిసీమ లంక నుంచి పడవ దాటి, బస్సెక్కి వచ్చిన ఒక తల్లి వేలికి సిరా అద్దుతుంటే ‘ఇది దేనికి నాయనా?’ అని నన్నే అడిగింది. దస్తావేజు మొత్తం చదివి వినిపించాను. ‘మా తమ్ముడికేగా’ అని వేలిముద్ర వేసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ‘ఎంత పొలం అది?’ అని అడిగింది. మూడెకరాల నలభై సెంట్లు అని చెప్పాను. తమ్ముడు కొనిపెట్టిన చీర పొట్లం చంకలో ఉంది. అడగవలసిన ప్రశ్న ఆమె అడిగింది, సిరా ఆరిన తర్వాత.

మిగిలిన సగం తెచ్చినవారు మన నిమ్మకూరు బిడ్డ నందమూరి తారక రామారావు గారు. ముఖ్యమంత్రిగా ఆయన చేసిన వారసత్వ సవరణ, 1986లో 13వ నంబరు చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు అన్నారు. ఆ తేదీ నాటికి పెళ్ళయిన కూతుళ్ళకు మాత్రం ఇది వర్తించదు. దానితో పెళ్ళి ముహూర్తం కూడా ఆస్తి సాక్ష్యం అయి కూర్చుంది. ఒకే తల్లి పిల్లల్లో 1985 మేలో పెళ్ళయిన అక్కకు లేదు, మరుసటి మాఘమాసంలో పెళ్ళయిన చెల్లెలికి ఉంది. బీరువాల్లో నుంచి పసుపు అంటిన శుభలేఖలు బయటికి వచ్చాయి. ఆ అక్కకు న్యాయం 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణతో గాని జరగలేదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీ ఇంకో పదిహేనేళ్ళు నడిచి, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీం కోర్టు, అక్కరలేదని తేల్చింది. 1949లో సభలో మొదలైన వాదనకు అది దాదాపు ముగింపు.

సభల్లో స్త్రీల సంఖ్య సంగతి మాత్రం వేరు. మన పక్కనున్న విజయవాడ నుంచి చెన్నుపాటి విద్య గారు 1980లోను, 1989లోను లోక్‌సభకు వెళ్ళారు. కాకినాడలోను, బందరు హిందూ కళాశాలలోను పాఠాలు చెప్పి, ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారి అమ్మాయి ఆమె. బందరు స్థానం నుంచి 1952 మొదలు ఇప్పటిదాకా ఒక్క స్త్రీ కూడా లోక్‌సభకు ఎన్నిక కాలేదు. 2009 ఎన్నికలతో ఏర్పడిన మన పెడన అసెంబ్లీ స్థానంలో కూడా ఇంతవరకు మగవారే. 2023లో మూడోవంతు రిజర్వేషనుకు రాజ్యాంగ సవరణ అయింది గాని దాని అమలును జనాభా లెక్కలకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. రాజ్యాంగ సభలో హంసా మెహతా, రేణుకా రాయ్ లాంటి వారు స్త్రీలకు రిజర్వేషన్లు వద్దన్నారు, అర్హత మీదే వస్తామని. డెబ్భై ఏడేళ్ళ అనుభవం చూసి వారు ఈ రోజు ఏమనేవారో మన ఆడపిల్లలే ఊహించుకోవాలి.

ఆఫీసుల్లో మాత్రం మార్పు కనిపిస్తోంది. కిందటి సంవత్సరం మా బంధువుల భూమి పని మీద వెళ్ళినప్పుడు దస్తావేజు రాసే కుర్రవాడు కంప్యూటరు ముందు కూర్చుని, సర్వే నంబరు కూడా అడగకముందే అడిగాడు: ‘ఆడపిల్లలు ఎంతమందండీ? అందరూ సంతకానికి వస్తారా?’